రన్‌వే వెనకే ఉండగా విమానాన్ని పత్తి చేనులో ఎందుకు దించారు?

గుత్తి రోడ్డు మెకానిక్, అనంతపురం

నాకు విమానాలు తెలియవు, ఇంజన్లు తెలుసు. గుత్తి రోడ్డులో ఇరవై ఏడేళ్లుగా డీజిల్ పంపులు, నాజిళ్లు బాగు చేస్తున్నాను. ట్రాక్టరు మలుపు తిరగకముందే దాని శబ్దం విని ఏ సిలిండరు సరిగా కొట్టడం లేదో చెప్పేస్తానని మా వీధిలో నాకు పేరు. కాబట్టి సమాధానం రాసేవాళ్లు నన్ను ఓదార్చే పని పెట్టుకోకుండా లెక్కతో సహా రాయాలని కోరుతున్నాను.

మా అమ్మాయికి ఇరవై ఏళ్లు. రాప్తాడు వైపు ఉన్న ఎకరన్నర అమ్మి, చాలనిదానికి బ్యాంకులో అప్పు తీసుకుని, పక్క రాష్ట్రంలో పైలట్ శిక్షణకు పంపాను. సంస్థ పేరు రాయను, అడగవద్దు. లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. తను ఎగిరింది ముప్పై ఎనిమిది.

పోయిన నెలలో ఒక రోజు. రాత్రంతా వాన పడి తెల్లవారుజామున తెరిపి ఇచ్చిందట. సెస్నా 152 విమానం, పక్కపక్కన రెండే సీట్లు. ఎడమ సీట్లో మా అమ్మాయి, కుడి సీట్లో శిక్షకుడు. బయలుదేరే ముందు ఇంజన్‌ను నిమిషానికి 1,700 చుట్లకు పెంచి, ప్లగ్గులకు నిప్పు ఇచ్చే రెండు మాగ్నెటోలనూ విడివిడిగా పరీక్షించారు. అంతా సరిగానే ఉంది. తీరా నేల విడిచి మూడు వందల అడుగులు లేచేసరికి ఇంజన్ రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. శిక్షకుడు విమానాన్ని తన చేతిలోకి తీసుకుని ఎదురుగా కనిపించిన పత్తి చేనులో దించాడు. తడిసిన నల్లరేగడి. ముందు చక్రం దిగబడి విరిగింది. ముక్కు మట్టిలో గుచ్చుకుని, తోక పైకి లేచి, అలాగే నిలబడిపోయింది. అమ్మాయికి గడ్డం కింద ఆరు కుట్లు పడ్డాయి. ఆయనకు భుజం ఎముక విరిగింది. ప్రాణాలు దక్కాయి, పెన్నహోబిలం నరసింహస్వామి దయ.

ఇక నా కోపం సంగతి. అంత పొడవు రన్‌వే సరిగ్గా వెనకే ఉంది. చదునుగా, తారు వేసి, అంబులెన్సు పక్కనే ఉంచుకుని. దాన్ని వదిలేసి బురద చేను ఏరుకున్నాడు ఈ పెద్దమనిషి. ఇంజన్ ఆగిన మరుక్షణం విమానం ముక్కును నేల వైపు తోశాడట. పడిపోతున్న వస్తువును పైకి లాగుతారా, కిందికి తోస్తారా? పైగా, నేల ఇంకా దగ్గరపడకముందే ఇంధనం వాల్వు తనే మూసేశాడు, తాళం తిప్పి ఇగ్నిషన్ తనే ఆపేశాడు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో పెద్ద విమానం కూలినప్పుడు ఇంధనం స్విచ్చులు ఆగిన స్థానంలోకి వెళ్లాయని ప్రాథమిక నివేదికలో వచ్చింది కదా, అది చదివినప్పటి నుంచి ఈ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. అన్నీ ఆపినవాడు బ్యాటరీ స్విచ్చు మాత్రం ఆఖరు దాకా వదిలేశాడట. తడబాటు కాక మరేమిటి? చివరికి గాలిలో ఉండగానే మా అమ్మాయిని తలుపు తెరవమని అరిచాడు. దూకెయ్యమనా?

విమానాన్ని రెండు రోజులు ఆ చేనులోనే టార్పాలిన్ కప్పి ఉంచారు. ఏం దాచడానికో.

నాలుగు పేజీల ఫిర్యాదు రాసి కవరులో పెట్టాను. సోమవారం స్పీడ్ పోస్టులో వేస్తాను. అంతలోపు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి.


ఓర్వకల్లు రాళ్లు, కర్నూలు

సోమవారం దాకా ఎందుకన్నా, ఈ రోజే వెయ్యండి. సెస్నా 152 తయారీ 1985లోనే ఆపేశారు. అంటే మీ అమ్మాయి ఎక్కిన బండి వయసు నలభై దాటింది. నలభై ఏళ్ల బస్సును ఆర్టీసీ అయినా రోడ్డు మీదికి పంపుతుందా? మా జిల్లాలో 2009 సెప్టెంబర్ 2న నల్లమలలో ఏం జరిగిందో చూశాం. చివరికి వాతావరణం అన్నారు. ఇక్కడ కూడా వాన మీద వేసి చేతులు దులుపుకుంటారు, చూడండి.


ఎర్రముక్కపల్లి మేడ మీద నుంచి, కడప

తమ్ముడూ, కవరు వారం రోజులు ఆపు. నేను వాయుసేనలో ఇరవై ఏళ్లు ఇంజన్ ఫిట్టరుగా పనిచేసి వచ్చినవాణ్ణి. ఇప్పుడు వయసు అరవై నాలుగు. సాయంత్రాలు మేడ మీద కుర్చీ వేసుకుని, మన కడప విమానాశ్రయంలో దిగేవాటిని చూస్తూ కూర్చుంటాను. నువ్వు లెక్క అడిగావు కనుక లెక్కే రాస్తాను, కొంచెం ఓపికగా చదువు.

ముందు ఒక సంగతి నీ తలలోంచి తీసెయ్యి. ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడదు. దాన్ని మోసేది ఇంజన్ కాదు, రెక్క. రెక్క మీదుగా గాలి తగినంత వేగంగా పోతున్నంత సేపు అది మోస్తూనే ఉంటుంది. ఆ వేగం ఇంజన్ ఇవ్వలేనప్పుడు ఎత్తు ఇవ్వాలి. అంటే దిగుతూ వేగం కొనుక్కోవాలి. ఘాట్ రోడ్డులో బండి ఆగిపోతే వాలులో వదిలినట్టు అనుకో. పైకి ఎక్కుతున్న విమానం ముక్కు ఆకాశం వైపు ఉంటుంది. ఇంజన్ ఆగగానే మూడు నాలుగు సెకన్లలో వేగం కరిగిపోతుంది. ఆ మూడు నాలుగు సెకన్లలో ముక్కును కిందికి తోసినవాడు బతుకుతాడు. భయంతో పైకి లాగినవాడి రెక్క గాలిని వదిలేస్తుంది. దాన్ని స్టాల్ అంటారు. మూడు వందల అడుగుల్లో స్టాల్ అయితే సరిచేసుకోవడానికి చోటు లేదు. కాబట్టి ఆయన ముక్కు తోశాడని నువ్వు ఫిర్యాదులో రాసిన వాక్యం కొట్టెయ్యి.

ఇప్పుడు రన్‌వే. సెస్నా 152ను ఇంజన్ లేకుండా జారవిడవడానికి సరైన వేగం 60 నాట్లు, అంటే గంటకు సుమారు 110 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒక అడుగు దిగితే దాదాపు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. మూడు వందల అడుగుల నుంచి తిన్నగా పోతే ఎనిమిది వందల మీటర్లు. అంతే ఆయన దగ్గర ఉన్న ఆస్తి.

వెనక్కి తిరగడమంటే నువ్వు 180 డిగ్రీలు అనుకుంటున్నావు. విమానం రోడ్డు మీద ఆటోలా తిరగదు. రెక్కను 30 డిగ్రీలు వాల్చి తిప్పితే ఆ వృత్తం అడ్డంగా 340 మీటర్లు వస్తుంది. సగం తిరిగేసరికి నువ్వు రన్‌వే మీద ఉండవు, దానికి 340 మీటర్లు పక్కన ఉంటావు. దాని మీదికి రావడానికి ఇంకో 45 డిగ్రీలు తిరగాలి, వచ్చాక సరిచేసుకోవడానికి ఎదురు దిక్కుకు మళ్లీ 45. మొత్తం 270. సెకనుకు పది డిగ్రీల చొప్పున తిరిగినా 25 సెకన్లకు పైనే పడుతుంది. తిరిగేటప్పుడు మామూలు కంటే త్వరగా దిగుతుంది, సెకనుకు 14 అడుగులు అనుకో. గుణించు. 350 అడుగులు. ఏం జరిగిందో బుర్రకు ఎక్కేలోపు పోయే మూడు నాలుగు సెకన్లు దీనికి అదనం. ఉన్నవి 300.

మరి ఇంకా గట్టిగా వాల్చి త్వరగా తిప్పకూడదా అంటావు. చాలామందిని చంపింది ఆ ఆలోచనే. 45 డిగ్రీలు వాల్చితే రెక్క మోయాల్సిన బరువు 1.4 రెట్లు అవుతుంది, స్టాల్ అయ్యే వేగం 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలకు బరువు రెట్టింపు, స్టాల్ వేగం 41 శాతం ఎక్కువ. కిటికీలోంచి రన్‌వే కనిపిస్తూ ఉంటుంది, ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగుతారు. ఒక రెక్క పడిపోతుంది. అలా పడినవాళ్లు చాలాసార్లు రన్‌వేకు దగ్గర్లోనే దొరుకుతారు. పైగా ఎదురుగాలిలో లేస్తాం కదా, వెనక్కి తిరిగితే అదే గాలి వీపు మీద తోస్తుంది. నేల మీద వేగం ఇంకా పెరుగుతుంది.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోయిన ఎయిర్‌బస్ సుమారు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. అంత ఎత్తులో ఉండి కూడా కెప్టెన్ సల్లెన్‌బర్గర్ వెనక్కి తిరగకుండా హడ్సన్ నదిలో దించాడు. 155 మందీ బయటపడ్డారు. మీ అమ్మాయి శిక్షకుడి చేతిలో ఉన్నది అందులో తొమ్మిదో వంతు ఎత్తు.

కర్నూలు తమ్ముడికి రెండు మాటలు. నల్లమల ప్రమాదాన్ని దీనితో కలపవద్దు. అది హెలికాప్టర్, దట్టమైన వానమబ్బుల్లోకి వెళ్లడం. మనవైపు ఏ విమానం కింద పడినా మాట అక్కడికే పోతుంది, ఆ బాధ నాకూ తెలుసు, కానీ కారణాలు వేరు. నలభై ఏళ్ల సంగతి అంటావా, విమానం వయసు బస్సు వయసు లాంటిది కాదు. ఇంజన్‌ను సుమారు రెండు వేల గంటలకు ఒకసారి మొత్తం విప్పి కొత్తగా కట్టాల్సిందే. కొత్త బండయినా ఆగవచ్చు. వాయుసేనలో మొదటి శిక్షణకు వాడిన హెచ్‌పీటీ-32 విమానాలను ఇంజన్ ఆగే బెడద వల్లనే 2009లో పక్కన పెట్టేశారు, మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు పైలట్లు పోయాక. నేను వాటి కింద పడుకుని పనిచేసినవాణ్ణి. ఆ రోజులు ఇప్పుడు తవ్వను.

తమ్ముడూ, నీ దగ్గర ప్రొపెల్లర్ ఫొటో ఏదైనా ఉందా? ముక్కు మీద తిరిగే ఆ పంకా రెక్కలు ఎటు వంగాయో చెప్పు.


గుత్తి రోడ్డు మెకానిక్, అనంతపురం

సార్, నమస్కారం. మీ లెక్కను పాత బిల్లు వెనక మళ్లీ వేసి చూశాను. వృత్తం కొలత దగ్గర రెండు సార్లు తప్పాను, మూడోసారి మీ సంఖ్యే వచ్చింది.

మూడు వందల అడుగులు నాకు ఆకాశంలా వినిపించింది. మా తోటలో బోరు 720 అడుగులు. నా కూతురు ఆ గొట్టంలో సగం కూడా లేని ఎత్తులో ఉందన్నమాట. ఇది తట్టాక కాసేపు షాపు బయట నిలబడ్డాను.

ఫొటో ఉంది. రెండు రెక్కలూ ఇంజన్ వైపుకే, వెనక్కి మడతపడ్డాయి. మెలిక లేదు. అంచుల మీద పెద్దగా గీతలు కూడా లేవు. నేను ఇది చూసి దెబ్బ చిన్నదే అనుకున్నాను.

కానీ వెనక్కి తిరగకపోవడం సరే అనుకున్నా, నా అసలు ప్రశ్న అలాగే ఉంది. నేల మీద 1,700 చుట్ల దగ్గర నిక్షేపంగా తిరిగిన ఇంజన్ నిమిషంలో ఎలా చచ్చిపోతుంది? నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదానికి రెండు ప్లగ్గులు, రెండు మాగ్నెటోలు. బ్యాటరీ చచ్చినా నిప్పు పుడుతుంది. నిప్పు వైపు అనుమానం లేదు. మిగిలింది గాలి, ఇంధనం. ఎవరో చూడాల్సింది చూడలేదు.


మదనపల్లె రోడ్డు, కడప

మా అబ్బాయిని కూడా పైలట్ శిక్షణలో చేర్చాలని ఉంది. ఈ పరిస్థితుల్లో చేర్చవచ్చా? ఫీజు ఎంత అవుతుంది?


ఎర్రముక్కపల్లి మేడ మీద నుంచి, కడప

ఫీజు ప్రశ్న వేరే చోట అడుగు బాబూ.

మెకానిక్ తమ్ముడూ, ఆ ప్రొపెల్లర్ సాక్షి. ఇంజన్ బలంతో తిరుగుతూ నేలను కొడితే రెక్కల కొసలు మెలితిరిగి ముందుకు వంగుతాయి, ముఖం మీద అడ్డగీతలు లోతుగా పడతాయి. మెలిక లేకుండా రెండూ వెనక్కి మడతపడ్డాయంటే అది గాలికి ఊరికే తిరుగుతున్నదే గానీ ఇంజన్ తిప్పుతున్నది కాదు. అంటే ఆయన వాల్వు మూయడానికి ముందే ఇంజన్ పని అయిపోయింది అన్న మీ అమ్మాయి మాటకు ఇది సరిపోతుంది. ఫొటో చూసి తీర్పు చెప్పడం తప్పు, దర్యాప్తు వాళ్లు విప్పి చూస్తారు. నా అనుభవం మాత్రం అటే చూపిస్తోంది.

టార్పాలిన్ గురించి అన్నావు. మనుషులను బయటికి తీశాక, దర్యాప్తు అధికారులు వచ్చి చూసేదాకా శకలాలను కదపకూడదు. కదిపి ఉంటే అప్పుడు అనుమానపడాలి.

ఇక నీ అసలు ప్రశ్న. వయసులో చిన్నవాడివైనా ఇంజన్ విషయంలో నువ్వూ నేనూ ఒకే కులం. కుళాయి మూసి ఉన్న పెట్రోలు ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే ఏమవుతుంది? గొట్టంలో, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ గిన్నెలో ఉన్నది తాగి కాసేపు బ్రహ్మాండంగా తిరుగుతుంది. ఆ కాసేపు విమానానికి రన్‌వే చివరిదాకా సరిపోతుంది. నేల మీద నెమ్మదిగా తిరిగేటప్పుడు ఇంధనం సన్నగా పోతుంది. పూర్తి బలం అడిగినప్పుడే అసలు ప్రవాహం కావాలి.

నీళ్ల సంగతి నీకు నేను చెప్పాలా? ట్యాంకు అడుగున నీళ్లు ఒక పక్క పల్లంలో పడుకుని ఉంటాయి. నేల మీద విమానం దాదాపు చదునుగా ఉన్నప్పుడు అవి గొట్టం నోటికి అందకపోవచ్చు. ముక్కు పైకెత్తగానే వెనక్కి జారి నోట్లో పడతాయి. నువ్వు రాసిన 'రెండు సార్లు దగ్గి' అన్న మాట చదివినప్పటి నుంచి నాకు ఇదే మెదులుతోంది. రాత్రంతా వాన అన్నావు కదా. రెక్క మీద ఉండే ఇంధనం మూతకు రబ్బరు వాషరు గట్టిపడిపోతే చాలు.

ఇంకో అనుమానం కూడా ఉంది. నవ్వుతావేమో. మంచు. అవును, మన కడప వేడిలో కూర్చుని రాస్తున్నాను. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు కార్బురేటర్ గొంతు దగ్గర 20 డిగ్రీలకు పైగా చల్లబడుతుంది. బయట ఇరవై నాలుగు డిగ్రీలుండి గాలి తడిగా ఉంటే లోపల మంచు కట్టడానికి చాలు. రన్‌వే పక్కన తమ వంతు కోసం చాలాసేపు నెమ్మదిగా తిప్పుతూ నిలబడ్డారా అని అమ్మాయిని అడుగు. మంచుతో చిక్కు ఏమిటంటే, దర్యాప్తు వాళ్లు వచ్చేసరికి కరిగిపోయి ఉంటుంది. సాక్ష్యం ఉండదు.


బురుజు కింద పైలట్, కర్నూలు

అంకుల్, నేను కొండారెడ్డి బురుజు దగ్గర పుట్టి పెరిగినదాన్ని. మూడేళ్ల క్రితం ఇదే రకం విమానం మీద శిక్షణ పొందాను. పెద్దాయన ఇంజన్ గురించి అంతా చెప్పారు. సీట్లో కూర్చున్నవాళ్ల వైపు నుంచి నేను రాస్తాను. తలుపు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే అది చదివి నాకు ఏడుపు వచ్చింది.

బలవంతంగా దించేటప్పుడు నేల తాకకముందే తలుపుల గడియ తీసి ఉంచాలని ఆ విమానం పుస్తకంలోనే రాసి ఉంటుంది. దెబ్బకు చట్రం వంకరపోతే తలుపు బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత లాగినా రాదు. లోపల ఇద్దరు, పైన రెక్కల నిండా పెట్రోలు. మీ అమ్మాయిని దూకమనలేదు అంకుల్. తర్వాత బయటికి రావడానికి దారి ఉంచమన్నారు.

వాల్వు, తాళం కూడా అదే కారణం. ఆగిన ఇంజన్‌కు ఇంధనం ఇక అవసరం లేదు, కానీ గొట్టం తెగితే నిప్పుకు అవసరం. అహ్మదాబాద్‌లో ప్రాథమిక నివేదిక చెప్పినది దీనికి తలకిందులు. అక్కడ నేల విడిచిన కొద్ది సెకన్లకే, పూర్తి బలంతో ఉన్న రెండు ఇంజన్ల స్విచ్చులు ఒక సెకను తేడాతో ఆగిన స్థానంలోకి వెళ్లాయి, ఆ తర్వాత ఇంజన్లు బలం కోల్పోయాయి. మీ అమ్మాయి విమానంలో ఇంజన్ ముందు పోయింది, వాల్వు తర్వాత మూశారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం.

బ్యాటరీని ఆఖరు దాకా వదిలేయడం తడబాటు అన్నారు. నాకైతే ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే. 152లో ఫ్లాపులు కరెంటు మోటారుతో దిగుతాయి. రెక్క వెనక అంచు కిందికి వంగి, ఇంకా తక్కువ వేగంలో దిగనిస్తుంది. బ్యాటరీ ముందే ఆపితే ఫ్లాపులు రావు. మూడు వందల అడుగులంటే ఆయన చేతిలో ఉన్నది ఇరవై సెకన్ల పైచిలుకు. అందులో ఫ్లాపులు దించి అప్పుడు బ్యాటరీ ఆపాలన్న వరుస గుర్తుంది. 60 నాట్లతో కాకుండా 45తో తాకితే దెబ్బలో ఉండే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఆరు కుట్లతో సరిపోవడానికి అది కూడా ఒక కారణం అనుకుంటాను. పత్తి చేను కూడా మేలే చేసింది. బెల్టులు కట్టుకున్న మనుషులకు గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి మూడు మీటర్లలో సమంగా ఆగగలిగినా బతికే అవకాశం ఉంటుంది. చెట్టో గోడో అయితే ఆ మూడు మీటర్లు దొరకవు. మొక్కలు, బురద దొరకనిస్తాయి.

ప్రతి టేకాఫ్‌కు ముందు మేము పైకి చదివే పాఠం ఒకటి ఉంటుంది. ఇంజన్ ఈ ఎత్తు లోపల ఆగితే ఎదురుగానే దింపుతాను, అటూ ఇటూ కొంచెమే తిరుగుతాను, వెనక్కి తిరగను. నేను రెండు వందల గంటల్లో ఎన్ని వందల సార్లు చెప్పానో. సగం సార్లు మనసు టిఫిన్ మీద ఉండేది. మీ అమ్మాయి కూడా ఆ ఉదయం చెప్పే ఉంటుంది.

ఒక్కటి అడగవచ్చా? ఉదయం ఇంధనం పరీక్ష ఎవరు చేశారు? ఆ విమానంలో మూడు చోట్ల తీసి చూడాలి, రెండు రెక్కల కింద, ముక్కు దగ్గర వడపోత గిన్నె నుంచి. చిన్న గాజు గొట్టంలోకి పడతారు. విమానం పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది, నీళ్లు రంగు లేకుండా అడుగున గీతలా నిలుస్తాయి. ఒక మోసం ఉంది. గొట్టం నిండా నీళ్లే వస్తే గీత కనిపించదు, శుభ్రంగా ఉందని అనిపిస్తుంది. నీలం ఉందా అని చూడాలి. తప్పు పట్టడానికి అడగడం లేదు.


ఓర్వకల్లు రాళ్లు, కర్నూలు

వెంటనే వెయ్యండి అన్నది నేనే. తొందరపడ్డాను. అయినా ఆ మూత రబ్బరు ఎవరు చూసుకోవాలి? అది మాత్రం రాయండి ఫిర్యాదులో.


గుత్తి రోడ్డు మెకానిక్, అనంతపురం

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. అమ్మాయి ఇంట్లోనే ఉంది, కుట్లు విప్పారు.

కర్నూలు అమ్మా, నువ్వు చివర అడిగిన ప్రశ్న చదివి రెండు రోజులు ఊరుకున్నాను. ఎందుకంటే జవాబు నాకు తెలుసనిపించింది. వచ్చినప్పటి నుంచి తను మాట్లాడడం లేదు. భయం అనుకున్నాం. మా ఆవిడ తాయెత్తు కూడా కట్టించింది. మూడో రోజు షాపుకు తీసుకువెళ్లి, ఒక ట్రాక్టరు ఫిల్టరు గిన్నె విప్పి, అడుగున నీళ్లు చూపిస్తూ మామూలుగా అడిగాను. ఆ రోజు మూడు చోట్లా తీశావా అని.

చాలాసేపు ఆ గిన్నెనే చూసింది. రెక్కల కింద రెండూ తీశాను నాన్నా, రెండూ నీలంగానే ఉన్నాయి. మూడోది తీశానో లేదో గుర్తు లేదు అంది. మళ్లీ తుంపర మొదలైందట, లోపలికి పరుగెత్తారట. వరుసలో నాలుగో విమానంగా చాలాసేపు నిలబడ్డారట కూడా. కాబట్టి పెద్దాయన చెప్పిన మంచు కావచ్చు, నీళ్లు కావచ్చు. వడపోత గిన్నెలో మిగిలినది దర్యాప్తు వాళ్లు సీసాలో పట్టుకుపోయారు. ఫలితం రావాలి.

నా షాపుకు వచ్చే డ్రైవర్లందరూ అన్నీ చూశాను అనే చెబుతారు. ఇరవై ఏడేళ్లలో గుర్తు లేదు అన్నవాడు ఒక్కడు కూడా తగల్లేదు.

అప్పుడు శిక్షకుడికి ఫోను చేశాను. ఎడమ చేత్తో ఎత్తారు, కుడి భుజానికి కట్టు ఉందట. నేను ఎవరినో చెప్పగానే ముందు అమ్మాయి నిద్రపోతోందా అని అడిగారు. మూడో పరీక్ష సంగతి కదిపితే, విద్యార్థి చూసినా చూడకపోయినా బయలుదేరే ముందు తృప్తిపడాల్సింది నేను, దర్యాప్తులో అలాగే రాసిచ్చాను అన్నారు. నాలుగు పేజీలు రాసినవాడిని నేనేనని ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సింది. ఇంకోసారి చేస్తాను.

కవరు పోస్టు చెయ్యలేదు. చింపెయ్యనూ లేదు. నాలుగు పేజీల్లో మూడున్నర కొట్టేశాను. కర్నూలు తమ్ముడూ, మూత రబ్బరు గురించిన అర పేజీ ఉంచాను. ఆ విమానం రాత్రంతా వానలో ఆరుబయటే ఉంది, అది ఎవరో ఒకరు అడగాలి. ఫలితం వచ్చాక వేస్తాను.

ఇంకో సంగతి. మా అమ్మకు ఇదేమీ చెప్పలేదు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. హాస్టల్ మెట్ల మీద జారిపడిందని చెప్పాం. నమ్మినట్టే ఉంది. నిన్న మనవరాలి బూట్లు కడుగుదామని తీసి, అడుగున గాడుల్లో ఎండిపోయిన మట్టిని గోటితో గీకి, అరచేతిలో నలిపి, నన్ను పిలిచింది. ఇది రేగడి, ఇది మెట్ల మీద ఎక్కడిది అంది. మా ఎర్రనేలలో అరవై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి దగ్గర మట్టి గురించి అబద్ధం చెప్పలేకపోయాను. అంతా చెప్పేశాను.

తల పట్టుకుని కూర్చుంటుందని భయపడ్డాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అమ్మాయిని పిలిచి, పత్తి ఏ దశలో ఉందే అని అడిగింది. కాయ మీద ఉంది అవ్వా అంది. విమానం ఎంత మేర తొక్కింది, తర్వాత చూడడానికి వచ్చిన జనం ఎంత తొక్కారు అని అడిగింది. తర్వాత నా వైపు తిరిగి, ఆ చేను వాడికి ఎవరైనా డబ్బులు ఇచ్చారా అంది.

నాకు తెలియదు. నాలుగు పేజీల్లో ఆ రైతు ఒక్క చోట కూడా లేడు. ఈ ఉదయం శిక్షకుడికి ఇదే అడుగుతూ సందేశం పంపాను, ఇంకా జవాబు రాలేదు. ఇలాంటప్పుడు పంట నష్టం ఎవరు కడతారో, దానికి ఎవరిని అడగాలో తెలిసినవాళ్లు రాయండి. మా అమ్మ రోజుకు రెండు సార్లు అడుగుతోంది.